నాలుగు తీగల అక్రమ కట్టడం

తుమ్మలరేవు పురపాలక సంఘంలో కొత్త గాలి వీచిందంటే, కమిషనర్ గారు ఎక్కడికో శిక్షణకు వెళ్లి వచ్చారని అర్థం. ఒకసారి వెళ్లొచ్చి, ఉద్యోగులంతా లిఫ్టు మానేసి మెట్లెక్కాలన్నారు. ఆఫీసుకు లిఫ్టు లేదు కాబట్టి అది మొదటి రోజే విజయవంతమైంది. ఇంకోసారి వెళ్లొచ్చి, పొద్దున్న పదిన్నరకు అందరూ నిలబడి ఐదు నిమిషాలు నవ్వాలన్నారు. ఆ సమయానికి ఇంటిపన్ను కట్టడానికి వచ్చినవాళ్లు తమను చూసే నవ్వుతున్నారనుకుని గుమ్మంలోనుంచే వెనక్కి తిరిగారు. ఈ జూన్‌లో ఏదో చల్లటి కొండ మీద ఐదు రోజులుండి వచ్చి, ఉద్యోగుల చేతులు కాగితాలకే అలవాటు పడటం వల్ల బుర్రలు ఎండిపోతున్నాయని కనిపెట్టారు.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. ప్రతి ఉద్యోగీ తొంభై రోజుల్లోగా స్వహస్తాలతో ఒక వస్తువు నిర్మించాలి. సెప్టెంబరు నెలాఖరున టౌన్‌హాల్లో స్వహస్త నిర్మాణ మహోత్సవం జరుగుతుంది. రాజధాని నుంచి డైరెక్టర్ గారు వస్తారు. ఏమీ నిర్మించనివారి సర్వీసు రిజిస్టర్లో ‘సృజనాత్మక లోపం’ అని ఎర్రసిరాతో నమోదు చేస్తారు.

సర్క్యులర్లో ‘తయారుచేయాలి’ అని ఉంటే ఇంత కథ జరిగేది కాదు. కమిషనర్ విశ్వంభర్ గారికి ‘తయారీ’ అనే మాటలో ఆవకాయ వాసన వచ్చిందట. అందుకని కొట్టేసి, ‘నిర్మాణం’ అని వేశారు.

ఆ కాగితానికి నంబరు వేసి అన్ని సెక్షన్లకూ పంపింది సువార్త. తపాలు సెక్షన్లో సీనియర్ అసిస్టెంటు. నలభై తొమ్మిదేళ్ల మనిషి, ఇరవై ఆరేళ్ల సర్వీసు, రిజిస్టర్లో ఒక్క మచ్చ లేదు. ఆఫీసులోకి వచ్చే ప్రతి కాగితమూ ఆమె బల్ల మీదుగానే పోవాలి. ఆమె ఉన్న రోజు ఆమె ఉన్నట్టు ఎవరికీ తెలియదు. లేని రోజు మాత్రం ఆఫీసంతా ఏదో పోగొట్టుకున్నట్టు తిరుగుతుంది, పోయిందేమిటో తెలియక.

అందరూ ఏం నిర్మించాలా అని తలలు పట్టుకుంటే, సువార్త ఆ సర్క్యులర్ చదివి సంతోషించింది. ఆమె మనసులో ఏడాదిగా ఒక కోరిక ఉంది. చర్చి క్వయర్లో బేస్ గిటార్ వాయించే రైల్వే గార్డు ఐజయ్య గారు రెండేళ్లపాటు ఆమెకు ఆ వాద్యం నేర్పి, బదిలీ మీద వెళుతూ గిటార్ కూడా తీసుకెళ్లిపోయారు. అప్పటినుంచి క్వయర్ పాడుతుంటే పాటకు కాళ్లు నేల మీద ఆనడం లేదని ఆమెకు అనిపించేది. బేస్ గిటార్ పాట ముందుకు రాదు. అడుగున ఉండి మోస్తుంది. నవంబరులో కోత పండుగ ఆరాధన నాటికి ఎలాగైనా ఒకటి సంపాదించాలనుకుంటూ ఉండగా, కిట్ అని ఒకటి అమ్ముతారని తెలిసింది. ఒళ్లు, మెడ, మీటలు, వైర్లు, తీగలు అన్నీ విడివిడిగా ఒక పెట్టెలో వస్తాయి. నునుపు చేసుకోవడం, రంగు వేసుకోవడం, బిగించుకోవడం మన పని.

ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసే ఆమె భర్త ఆనందపాల్ ఆ పెట్టె విప్పి చూసి, ఇదేదో ప్రమాదానికి గురైన గిటార్లా ఉందన్నాడు. బిగించింది కొనుక్కుంటే పోయేదానికి ఈ తిప్పలెందుకని అడిగాడు.

“కొనుక్కుంటే అది కొట్టువాడు చేసింది. ఇది నేను చేసింది అవుద్ది,” అంది సువార్త.

ఆనందపాల్ మర్నాడు డిపో నుంచి, వైర్లు టంకం పెట్టే తన పాత సోల్డరింగ్ ఐరన్ తెచ్చి ఇచ్చాడు.

ఈలోగా ఆఫీసులో మిగతావాళ్లంతా మార్గం కనిపెట్టారు. రెవెన్యూ సెక్షన్ భాస్కరం సర్క్యులర్ వచ్చిన సాయంత్రమే బజారుకెళ్లి మట్టి నెమలిని కొనుక్కొచ్చాడు. శానిటేషన్ వాళ్లు కాళ్లు తుడుచుకునే పట్టాలు కొన్నారు. ఇంజనీరింగ్ వాళ్లు నలుగురూ కలిసి ఒక కేన్ ఊయల కొని, తలా ఒక కాలు నిర్మించినట్టు రాసుకున్నారు. ప్రతిపాదన ఫారంలో ‘నిర్మాణ దశ’ అనే గడిలో అందరూ ‘పూర్తయినది’ అని నింపారు. సువార్త ఒక్కతే నిజం రాసింది. వస్తువు పేరు: విద్యుత్ బేస్ గిటార్. దశ: ఇంకా కట్టవలసి ఉన్నది.

పూర్తయిన వాటికి అనుమతి అక్కర్లేదు. ఇంకా కట్టవలసిన నిర్మాణమేదైనా సరే, పురపాలక నిబంధనల ప్రకారం పట్టణ ప్రణాళిక విభాగం చూడాలి. సువార్త ఫారం ఆమె చేత్తోనే నంబరు వేయించుకుని, టౌన్ ప్లానింగ్ ఆఫీసర్ త్రివిక్రమరావు గారి బల్ల మీదికి చేరింది.

త్రివిక్రమరావు గారు నిజాయితీపరుడు. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగడు. ఆయన దగ్గర పని కావాలంటే నిబంధన ఒక్కటే దారి, ఆ దారిలో వెళ్లి తిరిగొచ్చినవాళ్లు తక్కువ. ఆఫీసుకు ఎదురుగా రెండంతస్తులకని చెప్పుకుంటూ ఐదంతస్తులు లేపిన కాంప్లెక్స్ ఒకటుంది. దాని నీడ మధ్యాహ్నం మూడింటికి ఆయన బల్ల మీదే పడుతుంది. కానీ దాన్ని కట్టినవాళ్లు అర్జీ పెట్టలేదు. అర్జీ లేదు కాబట్టి ఫైలు లేదు. ఫైలు లేని కట్టడాన్ని చూడటం ఆయన పరిధిలోకి రాదు. సువార్తకు ఫైలుంది.

మూడోరోజు ఆమెకు మెమో వచ్చింది. ‘విద్యుత్ బేస్’ అని పేర్కొన్నందున, సదరు బేస్‌మెంట్ లోతు, నేల స్వభావ పరీక్ష, విద్యుత్ శాఖ అభిప్రాయం జతపరచవలెను.

సువార్త ఆయన గదికి వెళ్లి, అది బేస్‌మెంట్ కాదనీ, ఒకరకం గిటారనీ, నాలుగు తీగలుంటాయనీ, కింది స్వరాలు పలుకుతుందనీ వివరించింది. ఆయన చివరిదాకా ఓపికగా విన్నారు.

“అమ్మా, మీరు రాసింది నేను చదువుతాను. మీ మనసులో ఉన్నది చదివే ప్రొవిజన్ నాకు లేదు,” అన్నారు.

ఆయన కింది స్వరాల మాటను మాత్రం శ్రద్ధగా నోట్ చేసుకున్నారు. స్వరాలు కిందివని అర్జీదారు ఒప్పుకున్నందున, కట్టడం భూమట్టానికి దిగువనే ఉన్నట్టు నిర్ధారణ అయినదని ఫైల్లోకెక్కించారు.

పునాది దశ తనిఖీకి ఆయన స్వయంగా ఇంటికి వచ్చారు. వెంట టేపు పట్టుకునే ఇద్దరు, కూల్చివేతల మేస్త్రీ నూకరాజు ఉన్నారు. కూల్చే పని ఇంకా పుట్టకముందే నూకరాజు ఎందుకని ఆనందపాల్ అడిగితే, అలవాటు కొద్దీ వస్తుంటానన్నాడు నూకరాజు. వాళ్లు గిటార్ ఒంటిని భోజనాల బల్ల మీద పెట్టి నాలుగువైపులా కొలిచారు. విస్తీర్ణం చదరపు గజంలో ఐదో వంతు వచ్చింది. యాభై గజాల లోపు స్థలానికి ప్లాను ఇవ్వకూడదు. కానీ సన్నకారు గృహ నిర్మాణానికి ఒక మినహాయింపు ఉందని త్రివిక్రమరావు గారే వెతికి తీశారు. గిటార్‌ను అందులో పడేశారు. చెట్ల పెంపకం నిబంధన గురించి సువార్త భయపడింది గానీ, ఒళ్లంతా చెక్కే కాబట్టి పచ్చదనం నూటికి నూరు శాతమని రాసుకున్నారు. తీగల అదురును పట్టుకునే అయస్కాంతపు ముక్కలు దిగేసే రెండు గుంటల్ని చూపించి, ఇవి ఇంకుడు గుంతలా అని అడిగారు. సువార్త ఒక్క క్షణం ఆలోచించి అవునంది.

అబద్ధం ఆడింది అదొక్కసారే. అది వెంటనే పాసైంది.

మెడ దగ్గర చిక్కొచ్చింది. కంపెనీవాడి కాగితంలో మెడకు ఇరవై ఫ్రెట్లు అని ఉంది. మెడ మీద అడ్డంగా ఉండే ఇత్తడి గీతలు అవి. త్రివిక్రమరావు గారు ఒక్కొక్క గీతనూ వేలితో తాకుతూ లెక్కపెట్టి, ఇరవై అంతస్తులన్నారు. ఐదు దాటితే అగ్నిమాపక శాఖ అనుమతి కావాలి. ఆ శాఖనుంచి ఒకాయన వచ్చి, వార్నిష్ డబ్బా వాసన చూసి, గిటార్‌కు రెండువైపులా ఎప్పుడూ ఇసుక బకెట్లు ఉంచాలన్న షరతు మీద సంతకం పెట్టి వెళ్లాడు. ఆనాటి నుంచి ఆ ఇంటి హాల్లో రెండు ఎర్ర బకెట్లు కాపలా కాశాయి.

ఇవన్నీ దాటుకుని జులై రెండో వారంలో ప్లానుకు ఆమోదం వచ్చింది. ప్లానంటే కంపెనీవాడి కాగితంలో ఉన్న బొమ్మే. దాని మీద గుండ్రటి ముద్ర పడింది.

ఇక సువార్తకు పండగే. ఆఫీసు నుంచి వచ్చి మొహం కడుక్కుని, వసారాలో పాత చాప పరుచుకుని కూచునేది. ముందు ముతక ఉప్పుకాగితం, తర్వాత నడిపిది, ఆ తర్వాత సన్నది. చెక్క గీతల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీరలు పడి రంగేసినప్పుడు బయటపడతాయి. వేళ్లతో తడిమి చూసి, ఎక్కడ గరుకుందో కళ్లు మూసుకుని కనిపెట్టడం నేర్చుకుంది. ఇరవై ఆరేళ్లుగా కాగితాలు తిప్పిన ఆ వేళ్లకు చెక్క మాట వినడం చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. సందుల్లో లప్పం నింపి, ఆరాక మళ్లీ రుద్ది, పాత బనీను గుడ్డతో వంకాయ రంగు అద్దింది. ఆ రంగు చెక్కలోకి ఇంకుతూ ఉంటే, లోపలున్న చారలన్నీ ఒక్కొక్కటే పైకి తేలాయి. ఆనందపాల్ డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పకుండా అలాగే నిలబడి చూశాడు.

వార్నిష్ దగ్గర వాన అడ్డం పడింది. తేమకు పూత మీద పాలు ఒలికినట్టు తెల్లటి మసక కమ్మింది. ఏడుపొచ్చినంత పనైంది. మొత్తం తీసేసి, వాన తెరిపిచ్చిన ఆదివారాల కోసం కాచుకుని, పల్చగా ఏడు పూతలు వేసింది. ప్రతి రెండు పూతలకూ ఒక తనిఖీ జరిగేది. మూడో తనిఖీలో త్రివిక్రమరావు గారు వేలు పెట్టి చూసిన చోట ముద్ర పడింది. అది పోగొట్టడానికి ఇంకో పూత కావలసి వచ్చింది, ఆ పూతకు ఇంకో తనిఖీ కావలసి వచ్చింది.

మెడ చివర తలభాగం కిట్లలో చదరపు పలకలా వస్తుంది. ఎవరికి నచ్చిన ఆకారంలో వాళ్లు కోసుకోమని కాగితంలోనే రాసి ఉంటుంది. సువార్త ఒక శనివారమంతా కూచుని, పెన్సిలుతో గీసుకుని, సన్నరంపంతో చేపతోక ఆకారంలో కోసుకుంది. అంచులు గుండ్రంగా అరగదీసింది. మీటలు బిగించి, వైర్లు టంకం పెట్టి, తీగలు ఎక్కించింది. మొదటిసారి ఏమీ పలకలేదు. ఆనందపాల్ వెనక మూత విప్పి, నల్లవైరు అతుక్కోలేదని చూపించాడు కానీ, ఐరన్ ఆమె చేతికే ఇచ్చాడు. రెండోసారి లావుతీగ మీటితే, చిన్న స్పీకరులోంచి వచ్చిన ఆ స్వరానికి వంటింట్లో స్టీలు గ్లాసులు సన్నగా మోగాయి. సువార్త చాలాసేపు ఆ ఒక్క తీగే మీటుతూ కూచుంది.

పూర్తి దశ తనిఖీకి వచ్చిన త్రివిక్రమరావు గారు ముద్ర ఉన్న బొమ్మనీ, గిటార్‌నూ పక్కపక్కన పెట్టి చూశారు. బొమ్మలో తల చదరంగా ఉంది. కట్టడంలో చేపతోకలా ఉంది. ఆయన మొహం నిజంగానే వాడిపోయింది.

ప్లాను కంటే ఎక్కువ కట్టలేదు కదా, తక్కువే కదా ఉందని సువార్త అడిగింది. తక్కువ కట్టినా ఉల్లంఘనేననీ, ఎక్కువ కట్టినవాళ్లకు అపరాధ రుసుంతో క్రమబద్ధీకరణ ఉంది గానీ తక్కువ కట్టే మనిషి ఉంటాడని చట్టం ఊహించలేదనీ, కాబట్టి దానికి ఏ పథకమూ లేదనీ ఆయన చెప్పారు. కోసేసిన ముక్కలు తిరిగి అతికిస్తే సరిపోతుందన్నారు. ఆ ముక్కలు మున్సిపాలిటీ చెత్తబండే పట్టుకుపోయింది.

పది రోజుల నోటీసు గడువు తీరాక ఆదేశం వచ్చింది. ‘అనుమతించిన ప్లానుకు విరుద్ధంగా నిర్మించిన సదరు నాలుగు తీగల అక్రమ కట్టడాన్ని కూల్చివేయవలెను.’ ఆ కాగితానికి కూడా సువార్తే నంబరు వేసుకుంది. గిటార్ పోతే వస్తువు లేదు. వస్తువు లేకపోతే ఎర్రసిరా మాట రిజిస్టర్లోకి ఎక్కుతుంది. కోత పండుగ మాట ఇక చెప్పనే అక్కర్లేదు.

ఆమె కమిషనర్ గారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమెను కూర్చోమన్నారు, మంచినీళ్లు ఇప్పించారు, కొండ మీద తాము నేర్చుకున్నది చెప్పారు. ఫలితం మీద మమకారం పెంచుకోకూడదట. నిర్మించే అనుభూతి ఆమెకు దక్కింది కాబట్టి, వస్తువు ఉన్నా లేకపోయినా ఒకటేనట. మరి సర్వీసు రిజిస్టర్లో కూడా ఒకటేనా అని సువార్త వినయంగా అడిగింది. అది ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ వాళ్లు చూసుకుంటారన్నారు.

మహోత్సవానికి ముందురోజు సాయంత్రం నాలుగింటికి వీధిలోకి జేసీబీ వచ్చింది. కూల్చివేత నివేదికలో జేసీబీ నంబరు రాయాల్సిన గడి ఉంది కాబట్టి తప్పలేదు. సందులో పట్టక అది మలుపులోనే ఆగిపోయింది. నూకరాజు, ముగ్గురు కూలీలు, ఫొటోలు తీసే మనిషి, వెనక త్రివిక్రమరావు గారు నడుచుకుంటూ వచ్చారు. చుట్టుపక్కలవాళ్లు ఏ గోడ పోతుందోనని వచ్చి నిలబడ్డారు.

సువార్త గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని వసారాలో కూచుని ఉంది. నూకరాజు సుత్తి కింద పెట్టాడు. అతను పాతికేళ్లలో ఎన్నో గోడలు పడగొట్టినవాడు. చెక్క మీద ఆ వంకాయ మెరుపు చూసి, వెనక్కి తిప్పి, మెడా ఒళ్లూ కలిసేచోట ఉన్న నాలుగు మరల మీద బొటనవేలు ఆనించాడు.

“సార్, దీనికి సుత్తెందుకండి. స్కూడైవరు సాలు,” అన్నాడు.

త్రివిక్రమరావు గారు నిబంధనల పుస్తకం తెరిచారు. యజమాని స్వచ్ఛందంగా తొలగించుకుంటానంటే అభ్యంతరం లేదు. పైకట్టడం పునాది నుంచి వేరుపడితే కూల్చివేత పూర్తయినట్టే పరిగణించవచ్చు. ఆయన ఆ పేరా రెండుసార్లు చదివారు. రెండోసారి కొంచెం గట్టిగా, సువార్త వైపు తిరిగి చదివారు.

ఆమె లోపలికెళ్లి స్క్రూడ్రైవర్ తెచ్చుకుంది. ముందు తీగలు వదులు చేసింది. తర్వాత నాలుగు మరలూ ఒక్కొక్కటే విప్పింది. మళ్లీ బిగించుకోవచ్చని తెలిసినా, మెడ చేతిలోకి ఊడి వచ్చినప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కూల్చకముందు ఒక ఫొటో, కూల్చాక ఒక ఫొటో తీశారు. త్రివిక్రమరావు గారు నివేదిక మీద సంతకం పెట్టి, నాకూ బాధగానే ఉందమ్మా గానీ బాధకు ఇందులో కాలమ్ లేదని గొణిగారు. వెళ్లబోతూ చివరి పేరా గుర్తుచేశారు. శిథిలాలను ఇరవై నాలుగు గంటల్లో ఆ స్థలం నుంచి యజమానే తరలించాలి.

మర్నాడు టౌన్‌హాల్లో అతిథుల పేర్లు రాయించుకునే డ్యూటీ సువార్తకు వేశారు. అక్కడి నుంచి చర్చికి వెళ్లి శిథిలాలు అక్కడ పెట్టేద్దామని, వాటిని దుప్పట్లో మూటకట్టి తెచ్చుకుని బల్ల కింద పెట్టుకుంది.

డైరెక్టర్ ఇందుమతి గారు పదకొండింటికి వచ్చారు. పొట్టిగా, చురుగ్గా ఉన్నారు. చేతివృత్తులవాళ్ల మధ్య పదేళ్లు పనిచేసిన మనిషట. ఆ సంగతి కమిషనర్ గారికి ఎవరూ చెప్పలేదు. ఆవిడ భాస్కరం నెమలి దగ్గర ఆగి, బట్టీలో ఎంతసేపు కాల్చారని అడిగారు.

“బట్టీ కాదండి మేడం, మా ఇంట్లో కుక్కర్లోనే. మూడు విజిల్స్,” అన్నాడు భాస్కరం.

పట్టాల దగ్గర, ఏ నారతో నేశారని అడిగితే లేత రంగుదని చెప్పారు. ఊయల్ని ఆవిడ ఒకవైపుకి వంచి అడుగు చూశారు. కొట్టు పేరున్న చీటీ ఇంకా అక్కడే ఉంది. కమిషనర్ గారు కొండ మీద నేర్చుకున్న శ్వాస పీల్చడం మొదలుపెట్టారు.

ఆవిడ ఇంకేమీ చూడకుండా వెళ్లిపోవడానికి సిద్ధమై, రిజిస్టర్లో సంతకం చేయడానికి బల్ల దగ్గరికి వచ్చారు. పెన్ను అందించిన సువార్త గోళ్లలో వంకాయ రంగు కనిపించింది. కిరోసిన్‌తో కడిగినా పోలేదది. ఆ చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, వేళ్ల కొసల్లో కాయకట్టిన చోటు నొక్కి, ఏం చేశావమ్మా అని అడిగారు. గిటార్ అని చెప్పింది సువార్త. ఎక్కడుందన్నారు. సువార్త చూపు బల్ల కిందికి పోయింది.

“నిన్న సాయంత్రం కూల్చివేయబడింది మేడమ్. శిథిలాలు ఆ బల్ల కిందున్నాయి,” అన్నారు త్రివిక్రమరావు గారు. నిజాయితీపరుడు మరి.

ఆవిడ చూపించమన్నారు. తిరిగి నిర్మించాలంటే కొత్త అనుమతి కావాలని ఆయన మనవి చేశారు. నిర్మించడం సంగతి తర్వాత, శిథిలాలను ప్రదర్శించడానికి అభ్యంతరముందా అని ఆవిడ అడిగారు. ఆయన పుస్తకం తిరగేశారు. హాలంతా ఎదురుచూసింది. శిథిలాల ప్రదర్శనకు నిషేధం కనిపించడం లేదన్నారు.

సువార్త వేదికెక్కి మూట విప్పింది. ఆ నాలుగు మరలూ బిగించి, తీగలు లాగి, చెవి ఆనించి శ్రుతి చేసుకుంది. మైకుసెట్టు అతను వైరు తెచ్చి తగిలించాడు. పెళ్లి ఊరేగింపుల కోసం పెట్టుకున్న పెద్ద స్పీకర్లవి. ఆమె తమ క్వయర్ పాటకు తాను వాయించే వరస ఎత్తుకుంది. పాట లేదు, అడుగు మాత్రమే ఉంది. అయినా జనం పాదాలు కదిలాయి. కిటికీ అద్దాలు అదిరాయి. భాస్కరం నెమలి అదురుకు బల్ల మీద అంగుళం అంగుళమే జరుగుతూ అంచుదాకా వెళ్లి, కిందపడి ముక్కలైంది. ఎవరూ అటు చూడలేదు. సువార్త చివరి స్వరం మీద అరచెయ్యి పెట్టి ఆపాక గానీ హాలు ఊపిరి తీసుకోలేదు.

డైరెక్టర్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దాంతో కమిషనర్ గారికి ప్రాణం లేచొచ్చింది. కానీ బహుమతి పత్రం రాసేటప్పుడు మళ్లీ పేచీ వచ్చింది. రికార్డుల ప్రకారం అక్కడ గిటార్ లేదు. లేని వస్తువుకు బహుమతి ఇస్తే ఆడిట్ ఒప్పుకోదు. అరగంట చర్చించి, ‘భవన శిథిలాల సద్వినియోగం’ విభాగంలో సువార్తకు ప్రథమ బహుమతి ఇచ్చారు. ఆ విభాగం అప్పటికప్పుడే పుట్టింది. తుమ్మలరేవు ఆ రంగంలో ముందంజలో ఉందని పేపర్లో పడింది.

సోమవారం సర్క్యులర్ వచ్చింది. ప్రతి ఉద్యోగీ అరవై రోజుల్లోగా స్వంత శిథిలాలు సమర్పించాలి. భాస్కరం ఆ ఉదయమే నెమలి ముక్కలు ఇచ్చేసి రసీదు తీసుకున్నాడు. శానిటేషన్ వాళ్లు పట్టాలు చింపసాగారు. ఇంజనీరింగ్ వాళ్లు మాత్రం ఊయల విరక్క, తాము కట్టించిన టౌన్‌హాల్ కొత్త ప్రహరీని పరీక్షగా చూస్తూ తిరుగుతున్నారని చెప్పుకున్నారు. సువార్త ఆ సర్క్యులర్‌కు నంబరు వేసి అన్ని సెక్షన్లకూ పంపింది. ఆమె రిజిస్టర్ శుభ్రంగానే ఉంది.

కోత పండుగ ఆదివారం చర్చి గుమ్మడికాయలతో, అరటి గెలలతో, వడ్ల కంకులతో నిండిపోయింది. క్వయర్ పాడింది. పాటకు కాళ్లు నేల మీద ఆనాయి. ఎందుకో తెలియకుండానే ఆరోజు అందరూ గొంతెత్తి పాడారు. ముందు వరసలో కూచున్న ఆనందపాల్ అసలెప్పుడూ పాడని మనిషి, అతనూ పాడాడు.

ఆరాధన అయ్యాక సువార్త వైరు చుట్టుకుంటుంటే, గుమ్మం దగ్గర కంకుల వెనకాల త్రివిక్రమరావు గారు కనిపించారు. చేతిలో పుస్తకం లేదు. ఇటుగా వెళుతూ ఆగానన్నారు. బాగుందన్నారు. ఆ చేపతోక కూడా దగ్గరగా చూస్తే బాగా లేకపోలేదన్నారు. తర్వాత చాలాసేపు అరటి గెలల్ని లెక్కపెట్టి, చదువుకునే రోజుల్లో తాను రెండేళ్లు మాండొలిన్ నేర్చుకున్నాననీ, ఉద్యోగం వచ్చాక మూలపడేస్తే చెదలు తినేసిందనీ చెప్పారు. ఇలాంటి కిట్లలో మాండొలిన్ కూడా వస్తుందా అని అడిగారు.

వస్తుందని సువార్త చెప్పింది. తన దగ్గర మిగిలిన సన్న ఉప్పుకాగితాలు ఇస్తానంది, వానాకాలంలో వార్నిష్ వేయవద్దని చెప్పింది. చెక్క గీతల వెంటే ఎలా రుద్దాలో గాలిలో చెయ్యాడించి చూపించింది. ఆయన చిన్నపిల్లాడిలా తలూపుతూ విన్నారు.

“ఒక్కటి సార్. దయచేసి అర్జీ మాత్రం పెట్టబాకండి. పెట్టకుండా చేసుకోండి,” అందామె.

త్రివిక్రమరావు గారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

“ఆ మాట కొంచెం రాతపూర్వకంగా ఇస్తారా అమ్మా?”